అప్‌డేట్: ఆదివారాలతోనే మొదలుపెట్టాను

విజయనగరంలో ప్రైవేటు ఉద్యోగం, ఆదివారం తప్ప ఖాళీ లేదు, రాజకీయ అనుభవం లేదు, ఊరి కోసం పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను. "ఒక్క సమస్య పట్టుకో, ఒంటరిగా తిరగకు" అన్నారు చాలామంది. అందరికీ థాంక్స్, అదే చేశాను.

చీపురుపల్లి వైపు మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడుగుతున్నారో ఎవరికీ తెలీదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పంచాయతీకి నా పేరున అర్జీ పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్లకాగితం మీద రెండే ప్రశ్నలు: ఈ ఏడాది ట్యాంకు ఏయే తేదీల్లో కడిగారు? బ్లీచింగ్ పౌడరుకి ఎంత ఖర్చయింది? మన దగ్గరుండే నకలు మీద తేదీ, స్టాంపు తప్పకుండా వేయించుకోండి. గడువు లెక్కకి అదే ఆధారం.

అసలు బలం డ్వాక్రా అక్కలది. "ట్యాంకు కడగమని వినతిపత్రం నువ్వు రాయి బాబూ, దాని మీద సంతకాలు మేం చూసుకుంటాం" అని ఒక పెద్దావిడ ఇంటింటికీ తిరిగింది. గ్రామసభ నాడు నేను డ్యూటీలో ఉన్నా, వాళ్లే లేచి అడిగారు. ఆ వారమే ట్యాంకు కడిగి, తేదీ దాని మీదే పెయింటుతో రాశారు. ఎంత సంతోషమేసిందో!

ఖర్చు వివరాలు ఇంకా రాలేదు. గడువు దాటితే పై అధికారికి మొదటి అప్పీలు వేస్తాను. ఈలోగా 18 నిండిన పిల్లల చేత ఓటు కోసం ఫారం 6 నింపిస్తున్నాం.