శివపూజ 'లేలరా'నా, 'యేలరా'నా?

కర్నూలు: నిన్న కవిసమ్మేళనంలో ఒకాయన వేమన 'ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల, భాండశుద్ధి లేని పాకమేల' పద్యంలో మూడో పాదాన్ని 'చిత్తశుద్ధి లేని శివపూజ యేలరా' అని చదివాడు. నా చెవిలో ఉన్నది 'శివపూజలేలరా', అంటే పూజలు ఏలరా అని. అప్పట్నుంచి అదే నలుగుతోంది. ఏది సరి?

అనంతపురం: గణాలు, అంటే గురులఘువుల లెక్క, రెండింటికీ సరిపోతాయి సార్. 'శివపూజ' సలం, తర్వాత లేలరా అన్నా యేలరా అన్నా రగణమే. పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన యతి చి-శి దగ్గరే అయిపోయింది. ఛందస్సు తీర్పివ్వదు.

ప్రొద్దుటూరు: అర్థం ఇస్తుంది. ఆచారం ఏకవచనం, పాకం ఏకవచనం, పూజ ఒక్కటే బహువచనమా? 'యేల'నే అసలు పాఠం. ముందున్న 'లేని' ప్రభావంతో జనం నోట్లో 'లే' అయ్యింది.

తాడిపత్రి: అన్నా, ఊహ బాగుంది, ఆధారమేదీ? వేమన ఎత్తిపొడుపంతా ఆ 'లు'లోనే ఉంది. పొద్దున ఒకటి, సందేళ ఒకటి, ఇన్ని పూజలెందుకురా అని. ఒక్క పూజ అంటే తిట్టు సగానికి సగం చప్పబడుతుంది.

కడప: ముందు మొదటి పాదం తేల్చండి. 'లేని ఆచారమదియేల' అని అచ్చేస్తున్నారు. సంధి లేనిచోట యడాగమం, అంటే మధ్యలో 'య' చేరాలి, అన్నాడు వ్యాకరణం రాసిన చిన్నయసూరి, 'లేని యాచార' కావాలి. ఆ-యా రెండూ యతికి చెల్లుతాయి కాబట్టి ఎవరికీ పట్టలేదు. బ్రౌన్ దొర 1829లోనే వేమనను అచ్చేశాడు, ఆయన బంగళా ఉన్నచోటే మా లైబ్రరీ. ఎవరైనా వచ్చి చూడండి.

అనంతపురం: చూస్తే బ్రౌన్ ఏం వేశాడో తెలుస్తుంది, వేమన ఏమన్నాడో కాదు.

ఆదోని: అది సరే, సమ్మేళనంలో పద్యం చదవనిచ్చారా? నేను కంద పద్యం చదువుతానంటే 'టైం లేదు మాస్టారూ' అన్నారొకచోట. అర నిమిషం పని! నా తర్వాతాయన మూడు పేజీల వచన కవిత తీరిగ్గా చదివాడు.

కర్నూలు: ఈయనా వచన కవే సార్. మధ్యలో వేమనను వాడుకున్నాడు. చప్పట్లు పడింది మాత్రం అక్కడే.

తాడిపత్రి: మరి! పత్రికలు పద్యమంటే పక్కన పెడతాయి. మా పక్క తిరునాళ్ళలో హార్మోనియం పెట్టి కృష్ణుడు రాగం తీస్తే వన్స్‌మోర్, వెంటనే చదివింపులు.

అనంతపురం: అవన్నీ పాత పద్యాలు. ఈ ఏడాది రాసిన ఆటవెలది పద్యం ఒక్కటి ఎవరి నోట్లోనైనా ఉందా? అవధానంలో పూరణకు ఆహా అంటారు, గేటు దాటితే గుర్తుండదు. పద్యాన్ని వచన కవులు తరిమేశారనడం నేనొప్పుకోను. సమాసాలు పేర్చి మనవాళ్ళే బరువెక్కించారు.

ప్రొద్దుటూరు: పుట్టపర్తి నారాయణాచార్యుల వారిని కూడా అంటారా? ఆయన శివతాండవం చదువుతుంటే మాత్రలు లెక్కబెట్టేదెవరు, కాలు దానంతటదే ఆడుతుంది. చిన్నప్పుడు రాసిన పెనుగొండలక్ష్మి తర్వాత ఆయన పరీక్షకే పాఠ్యపుస్తకమైంది. మా ఊరాయన.

అనంతపురం: మీ ఊరెట్లా అవుతుంది? పుట్టింది మా చియ్యేడులో.

ప్రొద్దుటూరు: పుట్టింది అక్కడే, కాదన్నదెవరు? శివతాండవం మాత్రం మా అగస్త్యేశ్వరుడి గుడిలో పుట్టిందంటారు. దాన్ని కూడా చియ్యేడుకు తీసుకుపోతారా ఏంది?