అప్‌డేట్: సూపర్‌చార్జర్ కంటే ముందు మూడో సిలిండర్ సంగతి తేలింది

నా పాత మాజ్డా ఎంఎక్స్-5 కారుకి, మినీ కూపర్ ఎస్ కారు నుంచి తీసిన ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్‌ని (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టే పంపు) ఇంట్లోనే బిగించాలనుకుంటున్నా, ముందు ఏం చూసుకోవాలి అని అప్పట్లో అడిగాను కదా. "బ్రాకెట్ (దాన్ని ఇంజిన్‌కి పట్టి ఉంచే ముక్క) సంగతి తర్వాత, ముందు కంప్రెషన్ (పిస్టన్ పైకొచ్చినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే గాలి పీడనం) చూడు" అన్నారు ఎక్కువమంది. విన్నాను, బతికిపోయాను.

1, 2, 4 సిలిండర్లలో 170 పీఎస్‌ఐ (పీడనం కొలిచే యూనిట్) అటూ ఇటూ వచ్చింది. మూడోదానిలో 125. పిస్టన్ చుట్టూ గాలి జారకుండా ఆపే రింగులు పోయాయేమోనని టెన్షన్ పడ్డాను. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రీడింగ్ పెరగలేదు. తప్పు రింగులదే అయితే పెరగాలి. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకొసన నిలిపి లోపలికి గాలి కొట్టాను. సైలెన్సర్ గొట్టం దగ్గర పట్టుకున్న టిష్యూ కాగితం రెపరెపలాడింది. అంటే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట! వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అదే హెడ్, విప్పితే వాల్వ్ అంచు గోరంత మేర కాలి ఉంది. దీనిమీద బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇచ్చే అదనపు గాలి పీడనం) ఎక్కించి ఉంటేనా... తలుచుకుంటేనే భయం.

వాల్వ్ మార్చి, సీటు మీద రుద్ది, కొత్త గాస్కెట్‌తో హెడ్ బిగించాను. ఇప్పుడు నాలుగూ దాదాపు సమానం.

బ్రాకెట్ రెండోసారి కోయాల్సి వచ్చింది. ఇనుప స్కేలు ఆనించి చూస్తే ఇంజిన్ తిప్పే క్రాంక్ పుల్లీకి, దానికి బెల్ట్‌తో కలిసే సూపర్‌చార్జర్ పుల్లీకి వరసలో 3 మిల్లీమీటర్ల తేడా. అలాగే వదిలేస్తే బెల్ట్ ఊడి పడేదే.

ఇంధనం చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, గాలి-ఇంధనం పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఇంకా రాలేదు. అవి బిగించి, ఇంధనం ట్యూన్ చేసేదాకా బెల్ట్ వేయను. మొదట్లో బూస్ట్ 6 పీఎస్‌ఐ దాటించే ఉద్దేశం కూడా లేదు.