స్పిట్‌ఫైర్ స్టీరింగ్ బిగుసుకుంది: ర్యాక్ మార్చాలా, ట్రనియన్ చూడాలా?

పాతబండి_అనంత: మా మామ ఇచ్చిన డెబ్బైల నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. క్లాక్ టవర్ దగ్గర మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది నేరుగా రాదు, నేనే లాక్కోవాలి. కాస్త ప్లే (వదులు) కూడా ఉంది. బెంగళూరు షెడ్డువాళ్లు ఫోన్లోనే ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు నెట్టే పళ్ల కడ్డీ) పోయిందన్నారు. ఇక్కడి మేస్త్రీ ఏమో కింద ట్రనియన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి కింద ఉండే మర కీలు) పట్టేసిందంటాడు. ఎవరి మాట వినాలి?

కడప_గేర్: ర్యాక్ మార్చెయ్. నాకూ ఇదే జరిగింది. మా ఊరి షెడ్డులో ఒకసారి గ్రీజన్నారు, ఇంకోసారి అలైన్‌మెంటన్నారు, బిల్లు మీద బిల్లు వేశారు. చివరికి ర్యాక్ మారిస్తేనే దారికొచ్చింది.

తాడిపత్రి_టూల్స్: నీది ఏ బండి అన్నా?

కడప_గేర్: అంబాసిడర్. అయితే ఏంది? దానిదీ ర్యాక్ అండ్ పినియనే కదా.

హెరాల్డ్_మనిషి: ర్యాక్ ఉంటే సరా, ముందు సస్పెన్షన్ వేరు కదా. స్పిట్‌ఫైర్‌కు ముందున్నది ట్రయంఫ్ వాళ్ల ఇంకో కారు హెరాల్డ్ సరుకు. అదే హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. ఆ మేస్త్రీ ఊరికే అని ఉండడు. ముందు రెండు చక్రాలూ పైకి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, రెండు వైపులా టై రాడ్ ఎండ్లు (ర్యాక్‌ను చక్రాలకు కలిపే కడ్డీల చివర్లు) విప్పండి. ఇప్పుడు స్టీరింగ్ తిప్పితే తేలిగ్గా తిరిగిందా, ర్యాక్ బాగున్నట్టే. తర్వాత ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పండి. బరువుగా కదిలితే తప్పు ట్రనియన్‌ది, లేదంటే పై బాల్ జాయింట్‌ది. ఇంత సులువైన పరీక్ష చేయకుండా ఫోన్లోనే ర్యాక్ అన్నవాణ్ని నేను నమ్మను.

కర్నూల్_66: టైర్లలో గాలి చూశారా?

నల్లమల_రైడర్: ట్రనియన్‌కు నాలుగు గన్నుల గ్రీజు కొడితే సరిపోతుంది. ఇంత రచ్చెందుకు?

హెరాల్డ్_మనిషి: గ్రీజు వద్దే వద్దు! మాన్యువల్లో 90 గేర్ ఆయిల్ అని ఉంది, 6,000 మైళ్లకోసారి. గ్రీజు గట్టిపడితే మరలోకి ఏమీ వెళ్లదు. నీళ్లు చేరి, ట్రనియన్‌లో తిరిగే నిలువు ఉక్కు లింకు తుప్పుపడుతుంది. ఏదో ఒకరోజు అడ్డంగా తిప్పుతుంటే మర దగ్గర విరిగి చక్రం మడుచుకుంటుంది.

కడప_గేర్: పుస్తకం చదివి మాట్లాడ్డం సులువు. షెడ్లలో ఆ పుస్తకం చూసినవాడెవడు? ఏది చేతికొస్తే అది కొడతారు. అందుకే బెంగళూరు పొమ్మంటున్నా.

హెరాల్డ్_మనిషి: ఇప్పుడు బయటపడ్డావు. నీ గొడవ ర్యాక్ గురించి కాదు, మన ఊరి మేస్త్రీల మీద కోపం. మా నాన్న ఇక్కడే హెరాల్డ్లు బాగుచేసి మమ్మల్ని పెంచాడు. నిన్ను ఎవడో ముంచితే అందరూ దొంగలేనా?

కడప_గేర్: మీ నాన్ననంటానా సామీ? పోయిన నా డబ్బు గురించి చెప్తున్నా. బెంగళూరువాడు బిల్లులో ఏం మార్చాడో రాసిస్తాడు. నాకు కావాల్సింది అదే.

తాడిపత్రి_టూల్స్: అది మాత్రం న్యాయమైన మాటే.

పాతబండి_అనంత: పరీక్ష చేశాం. టై రాడ్లు విప్పితే స్టీరింగ్ వేలితో తిరిగింది. ఎడమ చక్రం మాత్రం మొండికేసింది. ప్లే ఎక్కడిదంటే, ర్యాక్‌ను పట్టుకునే యు-బోల్టుల రబ్బర్లు ఇంజిన్ ఆయిల్‌తో మెత్తబడి, ర్యాక్ పక్కకు జరుగుతోంది.

కడప_గేర్: చూశారా, ర్యాక్ దగ్గరే!

హెరాల్డ్_మనిషి: రబ్బరు ర్యాక్ ఎట్లయింది? అనంతా, ఎడమ లింకు పూర్తిగా విప్పించి మర దగ్గర తుప్పుందేమో చూడు. అంతవరకూ హైవే ఎక్కొద్దు. మేస్త్రీ దగ్గర బిల్లు కూడా రాయించుకో, కడపాయన కోసం.