మా పాస్టర్ అయ్యగారి పని బరువు సంఘ పెద్దలు పంచుకునేదెలా?

పాస్టరమ్మ: వందనాలండి. మాది కోనసీమలో పల్లె సంఘం. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఇంటింటి కూటాలు, భూస్థాపనలు, చివరికి మైక్‌సెట్ వైర్లు కూడా మా అయ్యగారే చూసుకుంటారు. బీపీ మాత్ర మర్చిపోతారు గానీ కానుకల పెట్టె తాళంచెవి మాత్రం జేబులోంచి తీయరు. పెద్దలు నలుగురున్నారు, ప్రసంగం మధ్యలో ఆమేన్ అనడానికి! ఎక్కడ మొదలుపెట్టాలి?

సంఘ పెద్ద: ఆ తాళంచెవితోనే అమ్మగారూ. మా దగ్గర కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి రిజిస్టర్‌లో సంతకాలు పెడతారు. అయ్యగారు డబ్బు ముట్టుకోరు, మాటా పడరు.

యూత్ తమ్ముడు: బైబిల్లో నిర్గమకాండం 18లో మోషేకు మామగారు యిత్రో చెప్పింది ఇదేగా అక్కా. పదిమందికి, యాభైమందికి, వందమందికి, వెయ్యిమందికి అధిపతులను పెట్టుకో, కష్టమైన తగవులే నీ దగ్గరికి రానీ అని. మామగారు చెబితే మోషే విన్నాడు. మీ నాన్నగారితో చెప్పించండి.

రిటైర్డ్ టీచర్: పని ఇచ్చి పెత్తనం ఇవ్వకపోతే లాభం లేదమ్మా. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్ర భోజనాల పనికి ఏడుగురిని సంఘమే ఎన్నుకుంది. అపొస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు, వాళ్లమీద చేతులుంచి ప్రార్థించి తమ పనికి వెళ్లిపోయారు, గరిటె పట్టుకుని వెనకాల నిలబడలేదు.

పాస్టరమ్మ: నాన్నగారు క్రిస్మస్‌కి వస్తున్నారు. మైక్‌సెట్ మాత్రం ఈ ఆదివారమే యూత్ పిల్లలకు ఇప్పించేస్తాను.