అమ్మతో తొత్సుకవా వెళ్లవచ్చా?

నవంబరులో జపాన్‌లోని నారా వెళ్తున్నాం. దక్షిణాన ఉన్న తొత్సుకవా అనే కొండ ఊరు చూడాలని ఉంది. అక్కడికి రైలు లేదట. అమ్మకు మోకాళ్ల నొప్పులు. వెళ్లమంటారా?

జవాబు: తప్పకుండా వెళ్లండి! యమతో-యాగి స్టేషన్ నుంచి షింగూ ఊరికి వెళ్లే బస్సు ఎక్కండి. మలుపులు ఎక్కువ, అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. దారి పొడవునా సుగి, అంటే జపాన్ దేవదారు చెట్ల అడవే. తొత్సుకవాలోని తనిజె వేలాడే వంతెన దగ్గర నా కాళ్లు వణికాయి: 297 మీటర్ల పొడవు, 54 మీటర్ల ఎత్తు. నడుస్తుంటే పలకలు ఊగుతాయి, కింద నది కనిపిస్తుంది. 1954లో ఊరివాళ్లే డబ్బు పోగుచేసి కట్టించుకున్నారంటే నాకు ఎంత గౌరవమో!

మరో జవాబు: 1889లో తొత్సుకవాకు వచ్చిన వరదలో సర్వం పోగొట్టుకున్న అనేక కుటుంబాలు ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవికి తరలి, అక్కడ షిన్-తొత్సుకవా, అంటే కొత్త తొత్సుకవా, నిలబెట్టాయి. ఆ లోయ చూస్తూ అది గుర్తుచేసుకోండి.

అడిగినవారు: అమ్మకు చదివి వినిపించాను. వంతెన ఈ చివరే కూర్చుంటానంది. బస్సు టికెట్ సంగతి చూస్తున్నాను.