ఓస్వాల్డ్ రాజు తల అసలు ఎక్కడుంది?

అందరికీ నమస్తే. నార్తంబ్రియా (ఉత్తర ఇంగ్లండ్‌లోని పాత రాజ్యం) రాజు ఓస్వాల్డ్ గురించి చదువుతున్నాను, ఒక దగ్గర చిక్కుపడ్డాను. 642లో మాసర్‌ఫీల్డ్ యుద్ధంలో పక్క రాజ్యమైన మెర్సియా రాజు పెండా ఆయన్ని చంపి, తల, చేతులు నరికించి కొయ్యలకు వేలాడదీయించాడు. మరుసటి ఏడాది తమ్ముడు ఓస్వియు సైన్యంతో వచ్చి చేతులు తమ కోట బాంబరాకు, తల లిండిస్‌ఫార్న్ మఠానికి చేర్చాడు. ఇంతవరకు పేచీ లేదు. తర్వాత ఆ తల లిండిస్‌ఫార్న్ బిషప్ సెయింట్ కత్‌బర్ట్ శవపేటికలో ఇంగ్లండ్‌లోని డరమ్ కెథడ్రల్ (పెద్ద చర్చి) చేరిందంటారు. మరి జర్మనీలోని హిల్డెస్‌హైమ్‌లోనూ ఆయన తల కోసమే చేసిన భరిణె ఉందే! ఒక్క మనిషికి ఎన్ని తలలండీ, రావణుడా ఏమన్నా?

నా ఓటు డరమ్‌కే. 1827లో ఆ పేటిక తెరిచినప్పుడు పుర్రె గురించి ఏం రాశారో, తర్వాత ఎవరైనా పరీక్షించారో తెలిస్తే చెప్పగలరా? డరమ్ కెథడ్రల్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఉంటే, అక్కడ కత్‌బర్ట్ సమాధి దగ్గర ఓస్వాల్డ్ పేరు కూడా రాసి ఉందా?