ఇంగ్లీషులో ఆత్మీయంగా ఉత్తరం ఎలా రాయాలి? మీ అనుభవాలు చెప్పండి

రాజోలు అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి ఇంగ్లండులో లీసెస్టరులో చదువుతున్నాడు. పోయిన ఫిబ్రవరిలో మంచు మీద జారిపడి కాలు విరిగింది. వాడు అద్దెకున్న ఇంటావిడ డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులున్నా మూడు వారాలు పూటపూటా మెట్లెక్కి పై గదిలోకి భోజనం తీసుకెళ్ళి పెట్టారు. సంక్రాంతికి వాడు ఇంటికొచ్చాడు, వచ్చే వారం తిరిగి వెళ్తాడు. ఆవిడకి నా చేత్తో ఉత్తరం రాసి పంపాలని ఉంది.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియమే. రాత్రి కూర్చుని ఇలా మొదలుపెట్టాను: "రెస్పెక్టెడ్ మేడమ్, ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ టు కన్వే మై థ్యాంక్స్ ఫర్ ది హెల్ప్ రెండర్డ్ బై యూ." మావాడు చదివి, "తప్పుల్లేవమ్మా, కానీ ఇందులో నువ్వు లేవు" అన్నాడు. వాడి చేత రాయించడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మండపేట మాస్టారు:
అమ్మా, తప్పు మీది కాదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. పిల్లలకి మేం బాగా నేర్పింది సెలవు చీటీ, అర్జీ. మిత్రుడికి లేఖ పాఠంలో ఉన్నా, దాన్నీ అదే అచ్చులో పోసి బట్టీ పట్టించాం.

"హెల్ప్ రెండర్డ్ బై యూ" అంటే ఆఫీసు ఫైలు మాట. అందులో సాయం ముందుంది, చేసిన మనిషి వెనక ఉంది. "యూ లుక్డ్ ఆఫ్టర్ మై సన్" అనండి, ఆవిడ ముందుకొస్తారు. ఇంకో మాట. మాకు చెప్పారు చూడండి, మోకాళ్ళ నొప్పులు, మెట్లు అని, అదే ఉత్తరం. ఆ మెట్ల సంగతి రాయండి. మీకు తెలుసని ఆవిడకి తెలియాలి.

పిలుపు సంగతికొస్తే, మీ అబ్బాయి ఆవిడని పేరు పెట్టి పిలుస్తుంటే "డియర్" పక్కన ఆ పేరే రాయండి. "మిసెస్" అని రాస్తే మాత్రం పక్కన ఇంటిపేరే రావాలి, సొంత పేరు కాదు. మనవాళ్ళు తరచూ పొరబడేది అక్కడే.

రాజోలు అమ్మ:
పేరు పెట్టే పిలుస్తాడటండి. నాకంటే పాతికేళ్ళు పెద్దావిడ. పేరు పెట్టి రాయాలంటే నాకు చెయ్యి రావట్లేదు.

నరసాపురం లేసు:
అక్కా, నాకూ మొదట్లో అంతే. లేసు అల్లకాలకి విదేశీ ఆర్డర్ల మెయిళ్ళు నేనే చూస్తాను. ఒకావిడ ఆరో మెయిల్ నుంచి కింద సొంత పేరొక్కటే పెట్టడం మొదలెట్టారు. నేను మాత్రం ఏడాదిపాటు "మిసెస్" వదల్లేదు. చివరికి ఆవిడే రాశారు, నా మీద ఏమైనా కోపమా అని. మనం గౌరవం అనుకున్నది ఆవిడకి దూరంగా కనిపించింది. అప్పట్నుంచి వాళ్ళు కింద ఏ పేరు పెడితే నేను పైన ఆ పేరే పెడతాను.

మన గౌరవం "గారు"లో, "మీరు"లో, "అండి"లో ఉంటుంది. వాళ్ళది అడిగే తీరులో ఉంటుంది. "ప్లీజ్ సెండ్ ది మెజర్‌మెంట్స్" అని రాసేదాన్ని, ప్లీజ్ ఉందిగా అని. అయినా అది పని చెప్పినట్టే ఉంటుందట. "కుడ్ యూ సెండ్" అంటే "కాస్త పంపగలరా అండి" అన్నట్టు. మీ గౌరవమంతా అక్కడ చూపించండి, పేరు దగ్గర కాదు.

భీమవరం నర్సు:
నేను ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష) రెండుసార్లు రాశాను. రైటింగ్‌లో మొదటిది ఉత్తరమే: కనీసం 150 పదాలు, దాదాపు 20 నిమిషాలు, చెప్పాల్సిన విషయాలు మూడు వాళ్ళే ఇస్తారు, అడ్రసు రాయక్కర్లేదు. మొదటిసారి స్నేహితురాలికి రాయమంటే కింద "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" పెట్టి వచ్చాను. అది పేరు తెలియని వాళ్ళకి, "డియర్ సర్" అని మొదలెట్టినప్పుడు పెట్టేది.

రెండోసారి టెన్షన్ లేకుండా, పక్కనే కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు రాశాను. "ఐ యామ్" బదులు "ఐమ్", "డు నాట్" బదులు "డోంట్". పొట్టి వాక్యాలు. అర్జీలో ఇవి కుదరవు కానీ ఆత్మీయుల ఉత్తరంలో ఇవే సహజం.

యానాం పంటు:
నేను ఇంకో వైపు నుంచి చెబుతాను. మా నాన్నగారు పోయినప్పుడు కెనడాలో ఉన్న స్నేహితుడికి "మై ఫాదర్ ఎక్స్‌పైర్డ్" అని మెయిల్ పెట్టాను. వాళ్ళ వాడుకలో ఎక్స్‌పైర్ అయ్యేది పాస్‌పోర్టు, పాల ప్యాకెట్టు. వాడు మంచివాడు, ఏమీ అనలేదు. తర్వాత నాకే తెలిసి చాలా బాధపడ్డాను. "పాస్డ్ అవే" అనాలి, లేదా ఉన్నదున్నట్టు "డైడ్".

"హౌ ఈజ్ యువర్ హెల్త్" కూడా అంతే. మనకది పలకరింపు, వాళ్ళకి జబ్బు గురించి అడిగినట్టు. "హౌ హావ్ యూ బీన్" అంటే సరిపోతుంది. మన పాత ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" అనేవాళ్ళు కదా, ఆ పని ఈ ఒక్క ముక్క చేస్తుంది.

అలాగని అన్నీ వాళ్ళలాగే రాయాలని నేననను. "మా ఇంటికి రండి, నాలుగు రోజులుండి వెళ్ళండి" అనే మాట తప్పకుండా రాయండి. అది మన మాట.

మండపేట మాస్టారు:
ఆయ్, నిజం. అయితే ఒకటి. మనం దగ్గరవాళ్ళకి థ్యాంక్స్ చెప్పం, చెబితే పరాయివాళ్ళని చేసినట్టు అనుకుంటాం. ఇంగ్లీషులో దగ్గరవాళ్ళకీ చెప్పాలి, దేనికో కూడా చెప్పాలి. మొదటి వాక్యంలోనే చెప్పేయండి.

రాజోలు అమ్మ:
మాస్టారూ, పూతరేకులు పంపుతున్నాను, ఆత్రేయపురం నుంచి తెప్పించాను. ఇంగ్లీషులో ఏమనాలి?

నరసాపురం లేసు:
పేరు మార్చకండి అక్కా, "పూతరేకులు" అనే రాసి అవి ఎలా ఉంటాయో చెప్పండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పైన బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే రేకు లేస్తుందని రాయండి. "పేపర్ థిన్" అంటే వాళ్ళకి తెలుస్తుంది. కాగితమనుకుని తీసి పడేయకుండా "ఈట్ ది హోల్ థింగ్" అని కూడా.

రాజోలు అమ్మ:
రాసేశానండి. పైన "డియర్" పక్కన ఆవిడ పేరే పెట్టాను, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని. "థ్యాంక్ యూ ఫర్ క్లైంబింగ్ దోజ్ స్టెయిర్స్ విత్ యువర్ బ్యాడ్ నీస్" అని మొదలుపెట్టాను. అది రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. రాత్రి రాసినప్పుడు అలా కాలేదు. మా ఇంటికి రమ్మని, కొబ్బరి చెట్ల కింద కూర్చుందామని రాశాను. కింద ఏం పెట్టాలో తెలియక ఆగాను. "లవ్" అని రాయొచ్చా?

భీమవరం నర్సు:
రాయొచ్చండి. ఆడవాళ్ళ మధ్య, ఇంట్లోవాళ్ళకి అక్కడ మామూలే. మొహమాటంగా ఉంటే "బెస్ట్ విషెస్" పెట్టండి.

రాజోలు అమ్మ:
"విత్ లవ్" అనే పెట్టాను. పూతరేకుల డబ్బాలో పెడితే నెయ్యి అంటుతుందని ఉత్తరం వేరే కవర్లో పెట్టి, మావాడి చొక్కాల మధ్య సర్దాను.